నా మార్కుల లిస్టు పట్టుకుని పోట్లాడిన పిన్ని

“వాడికి ఏమీ రాదండీ! ఒట్టేసి చెబుతున్నాను, ఏమీ రాదు!”

“మేడమ్, ఏమీ రానివాడు కాలేజీలో రెండేళ్ళు ఏం చేశాడు?”

“క్యారమ్స్ ఆడాడు.”

“మీ అక్క కొడుకు కదా, పని జరగాలని కాస్త తగ్గించి చెబుతున్నారేమో.”

“తగ్గించడానికి అక్కడ ఏముందని సార్?”

పరీక్షల విభాగం సూపరింటెండెంటు గదిలో, ఆయనకీ మా పిన్నికీ కొట్లాట. వాడు అంటే నేను. తలుపు బయట బెంచీ మీద కూర్చుని అంతా వింటున్నాను. నా పక్కన, మడత కర్ర ఒళ్ళో పెట్టుకుని, చూపులేని ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఆమె కూడా వింటోంది.

“అర్థశాస్త్రం చదివాడా లేదా? ఈవేళ పరీక్ష అదే. నాకు ఆ ఒక్క మాట చెప్పండి.”

“చదివితే పదకొండు మార్కులు వస్తాయా? ఇదిగో, ఫైల్లోంచి తీయించాను. మన విభాగం ఇచ్చిన లిస్టే, కింద సంతకం మీదే. నూటికి పదకొండు! అందులో నాలుగు హాల్ టికెట్ నంబరు సరిగ్గా వేసినందుకు ఇచ్చుంటారు.”

లోపల కాగితం చప్పుడు. ఆ లిస్టు అసలు ప్రతిని మా అమ్మ బీరువాలో బట్టల అడుగున దాచింది, చుట్టాల కంట పడకూడదని. పిన్ని దాని నకలుని ఇప్పుడు పై అధికారి ముక్కు ముందు జెండాలా ఊపుతోంది.

“పదకొండా?” అంది పక్కనున్న అమ్మాయి మెల్లగా.

“అవునండీ.”

“మంచిది,” అంది. నిజంగానే సంతోషంగా అంది.

ఆమె సంతోషానికి కారణం ఉంది. చూపు లేనివాళ్ళు, చెయ్యి ఆడనివాళ్ళు పరీక్షలో నోటితో చెబుతుంటే రాసిపెట్టే మనిషిని స్క్రైబు అంటారు. ఆ మనిషి చదువు అభ్యర్థి చదువు కంటే కనీసం ఒక మెట్టు తక్కువ ఉండాలని రూలు. లేకపోతే జవాబులు తనే చెప్పేస్తాడని అనుమానం. ఆ అమ్మాయికి డిగ్రీ ఉంది, ఈవేళ రాయబోయేది పీజీ ప్రవేశ పరీక్ష. ఆమెకి కుదిర్చిన స్క్రైబు పొద్దున్నే మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. పరీక్ష పదింటికి. ఆ గంటలో, ఆ ఊళ్ళో, డిగ్రీ పాసవకుండా చేతిలో పెన్ను పట్టుకోవడం వచ్చిన ఖాళీ మనిషిని నేనొక్కణ్ణే.

ఆ అమ్మాయి ఒక పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. పిన్ని గదిలో అందరూ ఆమెని ఆపరేటరనే పిలుస్తారు. పోయినేడు ఇంకో కేంద్రంలో రాసింది. వాళ్ళిచ్చిన స్క్రైబు ఒక్కో అక్షరం చెక్కుతూ కూర్చుంటే మూడు ప్రశ్నలు మిగిలిపోయాయి, సీటు పోయింది. ఈ ఏడాదికి మాత్రమే ఆసుపత్రివాళ్ళు చదువు సెలవు ఒప్పుకున్నారు. ఇది కూడా పోతే మళ్ళీ ఆ హెడ్‌ఫోనూ, ఆ కుర్చీ, అంతే.

లోపల సూపరింటెండెంటు గొంతు తగ్గింది. “సరే, సంతకం పెడతాను. ఏమైనా తేడా వస్తే మీ ఉద్యోగానికే ముప్పు. చెప్పలేదనొద్దు.”

“నా బల్ల ఎలాగూ తలుపు పక్కనే ఉంది సార్. పొమ్మంటే ఎవరికీ అడ్డు రాకుండా పోతాను.”

ఆ బల్ల సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే పిన్ని అర్థం కాదు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. ఇరవై రెండేళ్ళప్పుడు ఆ విభాగంలో టైపిస్టుగా చేరింది. అప్పుడది మూడో అంతస్తులో ఉండేది, లిఫ్టు లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి తలుపు పక్క బల్ల ఇస్తారు, గాలీ దుమ్మూ అన్నీ అక్కడే కాబట్టి. ఒక రోజు చంకకర్రల మీద ఒక విద్యార్థి మూడంతస్తులెక్కి వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. చేతిలో అర్జీ. చేతులు వణుకుతాయి, రాయడానికి ఒక గంట ఎక్కువ కావాలి అని. అలాంటి అర్జీ ఎవరు తీసుకోవాలో గదిలో ఎవరికీ తెలియదు. అందరూ తలుపు వైపు చెయ్యి చూపించారు. “ఆవిడకివ్వు.”

ఆవిడ తీసుకుంది. ఒక ఖాళీ ఫైలు అట్ట మీద ఒకటి అని అంకె వేసింది. అంతే మొదలు.

“సేవా గీవా అనకురా,” అంటుంది ఇప్పటికీ. “బల్ల తలుపు పక్కనుంది. నడవలేని మనిషి లోపలిదాకా ఎందుకు నడవాలి?”

ఆ కుర్రాడు దిగేటప్పుడు మెట్లు ఎన్నున్నాయో పిన్ని లెక్కపెట్టిందట. అరవై ఆరు. ఆ శనివారం మధ్యాహ్నం వాచ్‌మన్‌ని బతిమాలి, ఇద్దరూ కలిసి బల్లని కిందికి మోసుకొచ్చి, మెట్ల కింద ఖాళీ జాగాలో వేశారు. సోమవారం మెమో వచ్చింది, అనుమతి లేకుండా ఫర్నిచరు తరలించినందుకు సంజాయిషీ ఇవ్వమని. సంజాయిషీలో ఒకే వాక్యం రాసింది: “బల్ల దిగగలదు, వాళ్ళు ఎక్కలేరు.” ఆ తర్వాత ఆమెని పైకి రమ్మన్నవాళ్ళు లేరు. మొదట చెక్క తడిక పెట్టారు, కొన్నేళ్ళకి విరిగిన కుర్చీలు పడేసే గది ఖాళీ చేసిచ్చారు, గుమ్మానికి వాలుదారి కట్టారు. ఆ మెమోకి పిన్ని ఫ్రేము కట్టించి బల్ల వెనక గోడకి తగిలించింది. కొత్తగా వచ్చే అధికారులు దాన్ని ప్రశంసాపత్రం అనుకుని దగ్గరికెళ్ళి చదివి, దగ్గుతూ వెనక్కి వస్తారు.

ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఇప్పుడు ఏటా నూట నలభై మందికి పైగా ఆ గది గుమ్మం తొక్కుతారు. ఒకరికి పెద్దక్షరాల ప్రశ్నపత్రం కావాలి, ఒకరికి గంటకి ఇరవై నిమిషాలు ఎక్కువ కావాలి, ఒకరికి వీల్‌చైరు దూరే బల్ల కావాలి. పిన్ని ఎవరినీ పాపం అనదు. “సర్టిఫికెట్ తెచ్చావా? ఫోటో ఏదీ? ఇంత మసకగా ఉంటే నువ్వో మీ అన్నయ్యో నాకెలా తెలుస్తుంది, పోయి మళ్ళీ తీయించుకో,” అని అందరినీ తిట్టినట్టే తిడుతుంది. చాలామందికి అదే నచ్చుతుంది.

ఇక ఆమె దగ్గరొక రూళ్ళ పుస్తకం ఉంది. స్క్రైబుల పుస్తకం. ప్రతి పేరు ఎదురుగా ఒకటో రెండో మాటలు. “దగ్గుతాడు.” “అక్షరం ముత్యం, నోరు ఆగదు.” “సిగరెట్టు వాసన.” “నిట్టూరుస్తుంది.” నిట్టూర్చేవాళ్ళని పిన్ని మళ్ళీ పిలవదు. తప్పు జవాబు విని నిట్టూర్చితే అది సాయం చేసినట్టే, అంటుంది.

నేను కాలేజీ వదిలేసినప్పుడు బుద్ధి చెప్పమని అమ్మ నన్ను పిన్ని దగ్గరికి పంపింది. పిన్ని బుద్ధి చెప్పలేదు. తెల్లకాగితం ముందు పెట్టి “రాయి” అంది.

“రెండు రెండ్లు ఐదు.”

నేను నవ్వుతూ రాశాను.

“చెయ్యి బాగానే ఉంది. మొహమే బాలేదు. నవ్వకుండా మళ్ళీ రాయి. సూర్యుడు పడమట ఉదయించును.”

అది ఆమె పరీక్ష. నాలుగు అని దిద్దినవాడు పనికిరాడు, నవ్వినవాడు పనికిరాడు, ‘నిజంగానా?’ అన్నవాడు అసలే పనికిరాడు. “చెయ్యి మాత్రమే తీసుకెళ్ళు. బుర్ర ఇంట్లో పెట్టు. నీకు కష్టం కాదులే,” అంది. మూడు వారాలు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. ఇంట్లో కూర్చుంటే అమ్మ చూపులు తగులుతాయి, అది కొంత. అక్కడ నన్నెవరూ ‘ఇప్పుడేం చేస్తున్నావ్’ అని అడగకపోవడం కొంత.

అలా ఆ పొద్దున, పదకొండు మార్కుల అర్హతతో, ఆపరేటర్‌తో పాటు చివరి గదిలోకి వెళ్ళాను. ఒక బల్ల, రెండు కుర్చీలు, మూలన పర్యవేక్షకుడు. ఆపరేటర్ గొంతు ఫోన్లో వినిపించే గొంతే. తొందర లేదు, తడబాటు లేదు. నేను ప్రశ్న రెండుసార్లు చదివేవాణ్ణి. ఆమె బల్ల మీద వేళ్ళతో నాలుగుసార్లు తట్టి, “రాయండి,” అని మొదలుపెట్టేది. ఫుల్‌స్టాప్ ఎక్కడ, కొత్త పేరా ఎక్కడ, అన్నీ చెప్పేది. ఆరు ప్రశ్నలదాకా నా చెయ్యి ఆమె గొంతు వెనకే పరిగెత్తింది.

ఏడో ప్రశ్న. తక్కువ రకం తిండి సరుకు ధర పెరిగితే నిరుపేద కుటుంబం కొనుగోలు ఎలా మారవచ్చు?

“రాయండి. కొన్ని సందర్భాల్లో కొనుగోలు పెరుగుతుంది.”

నా పెన్ను ఆగింది.

ధర పెరిగితే కొనేది తగ్గాలి. పదకొండు మార్కులవాడికి కూడా ఆ మాత్రం తెలుసు. ఆమె పొరపాటుగా అందేమో, సెలవు ఈ ఒక్క ఏడాదే కదా, అని ఏవేవో తిరిగాయి బుర్రలో. నోరు మాత్రం విప్పలేదు.

ఆపరేటర్ తల ఎత్తింది. “ఆగారేంటండీ?”

“చెప్పండి,” అన్నాను.

ఆమె వేళ్ళు బల్ల మీద కదల్లేదు. తర్వాత గొంతు సర్దుకుంది. “నేను చెప్పిందే రాయండి. పెరుగుతుంది. ఫుల్‌స్టాప్. కారణం ఏమంటే, ఆ కుటుంబం రొట్టె మీదే బతుకుతోంది. రొట్టె ధర పెరిగితే మాంసం, పళ్ళు కొనడానికి ఇంకేమీ మిగలదు. వాటిని మానేసి, కడుపు నింపుకోవడానికి రొట్టే మరికాస్త కొంటారు.”

రాస్తున్నకొద్దీ నాకే అర్థమైంది. తప్పు నాది. కాలేజీలో ఈ పాఠం ఎవరో చెప్పే ఉంటారు. నేను క్యారమ్స్ బోర్డు దగ్గర ఉండుంటాను.

చివరి ప్రశ్న అయ్యేసరికి ఇంకా పదకొండు నిమిషాలు మిగిలాయి. పోయినేడు మూడు ప్రశ్నలు పోగొట్టుకున్న మనిషి, ఈసారి జవాబులన్నీ మొదట్నించీ చదివించుకుని విని, లేచి నిలబడింది.

బయటికి రాగానే పిన్నితో దాచకుండా చెప్పేశాను. “పిన్నీ, ఒక చోట పెన్ను ఆగింది.”

“ఎంతసేపు?”

“అర నిమిషం ఉంటుందేమో.”

ఏమీ అనకుండా రూళ్ళ పుస్తకం తీసింది. నా పేరు ఎదురుగా రాసింది: “పెన్ను ఆగుతుంది.”

నాకు మండింది. “నేను ఒక్క మాట కూడా చెప్పలేదు కదా! ఆమె చెప్పిందే రాశాను కదా!”

“రాశావురా. కానీ ఆ అమ్మాయికి నీ మొహం కనపడదు, పెన్ను చప్పుడే నీ మొహం. అది ఆగితే ‘తప్పు’ అని నువ్వు అరిచినట్టే. ఇంకొకరైతే భయపడి జవాబు మార్చుకునేవాళ్ళు. ఒప్పు చెరిపించి తప్పు రాయించేవాడివి. అప్పుడు ఆ సీటు నీ చేత్తో పోయేది.”

పుస్తకంలో నా పేరు ఎదురుగా ఉన్న ఆ రెండు మాటలు మళ్ళీ చదువుకున్నాను.

పిన్ని ఆపరేటర్ దగ్గరికెళ్ళింది. “అమ్మాయ్, మావాడు ఆగాడట. ఫిర్యాదు చేసే హక్కు నీకుంది. కాగితం నేనిస్తాను. రాసిపెట్టడానికి మాత్రం వాణ్ణి పిలవకు.”

ఆపరేటర్ నవ్వేసింది. “మా ఎక్స్‌ఛేంజీలో రోజూ వందమంది నా మాట నమ్మక ఆగుతారు మేడమ్. ‘డాక్టరుగారు లేరు’ అంటే ‘నీకెలా తెలుసు, నీకు కనపడదుగా’ అంటారు. అలవాటే. ఈయన ఆగబట్టే కారణం కూడా వివరంగా చెప్పాను.”

“అది నీ తెలివి. వాడి గొప్పేం కాదు,” అంది పిన్ని. అయినా ఆ సంగతి రిపోర్టులో రాసి సూపరింటెండెంటు బల్ల మీద తనే పెట్టొచ్చింది. ఆయన చదివి, తల పట్టుకుని, పక్కన చిన్న సంతకం పెట్టాడట.

నెల తర్వాత నోటీసు బోర్డు మీద సీట్లు వచ్చినవాళ్ళ జాబితా అంటించారు. పిన్ని కళ్ళద్దాలు పైకి నెట్టి వేలితో వరసగా వెతికింది. పధ్నాలుగో పేరు దగ్గర వేలు ఆగింది. అక్కడినించే ఆసుపత్రికి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది, నేను కూడా వినాలని కాబోలు.

“నమస్కారం, ఎవరు కావాలండీ?”

“పధ్నాలుగో సీటు అమ్మాయి కావాలి.”

ఆ తొణకని గొంతు మొదటిసారి తొణికింది. “మేడమ్... ఒక్క నిమిషం లైన్లో ఉండండి,” అంది, అలవాటుకొద్దీ.

“ఉంటాలే. నాకేం తొందర,” అంది పిన్ని. ఉంది కూడా. ఎండలో, బోర్డు ముందు నిలబడి, ఫోన్ ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకి ఆ పధ్నాలుగో పేరు వేలితో చూపిస్తూ. ఆ మనిషి మా పిన్ని అని దారినపోయేవాళ్ళందరికీ చెప్పాలనిపించింది నాకు.

గదికి వచ్చాక రూళ్ళ పుస్తకం తెరిచింది. నా పేరున్న పేజీ కాదు, వెనక కొత్త పేజీ. పెన్సిల్‌తో నా పేరు రాసింది. పక్కన చదువు అనే గడి ఖాళీగా వదిలింది.

“ఇదేంటి?” అన్నాను.

“పీజీ వాళ్ళకి రాసేవాళ్ళ పేజీ. ఆపరేటర్ నిన్నే అడిగింది. ఆమె ఇక పీజీ కాబట్టి డిగ్రీ పాసైనవాడు రాయొచ్చు. మొదటి ఏడాదికి ఎవరినో సర్దుతాను. రెండో ఏడాది పేపర్లలో వచ్చే ఆ శాస్త్రం మాటలు చదవకుండా వింటే నీ పెన్ను అర నిమిషం కాదు, అరగంట ఆగుతుంది. ఒక మెట్టు తక్కువుండాలని ఆఫీసు రూలు. ఒక మెట్టు కంటే తక్కువ ఉండకూడదని నా రూలు.”

“అమ్మ చెప్పమందా?”

“మీ అమ్మకేం సంబంధం? ఇది ఆఫీసు పని.”

“నేను పాసైతే డిగ్రీ వాళ్ళకి పనికిరాను. నీకు ఒక మనిషి తగ్గుతాడు.”

“ఫెయిలైనవాళ్ళు నాకు ముప్పై మంది ఉన్నారురా. పాసైన చెయ్యే దొరకట్లేదు.” పెన్సిలు నా వైపు జరిపింది. “నువ్వు తప్పిన ఆ నాలుగు పేపర్లు, డిగ్రీలో మిగిలిన ఆ ఒక్క ఏడాది. నాకు రాసిపెట్టరా.”