సాంచాలు ఆగిన పూట

మా వాడలో ఎనిమిది షెడ్లు, అరవై నాలుగు సాంచాలు. మరమగ్గాలను మేము సాంచాలంటాం. నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఎన్ని పోగుల పడుగుకు ఎన్ని మీటర్ల బట్ట దిగుతుందో, ఎంత నూలు వృథా పోతుందో షెడ్ల వెంట తిరిగి నోటిలెక్కగా నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే నా పని. ఇంట్లో కూర్చుని చప్పుడు విన్నా, ఎన్ని సాంచాలు నడుస్తున్నాయో రెండు అటూ ఇటూగా చెప్పగలను.

వాడలో ఎవరైనా చనిపోతే శవం లేచేదాకా సాంచాలు నడవవు. కబురు చెప్పే పద్ధతి ఒకటి ఉండేది. చావు జరిగిన ఇంటి మనిషి షెడ్డు షెడ్డుకూ వచ్చి, వాకిట్లో నిలబడి చెయ్యి ఎత్తేవాడు. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి చెయ్యి చాలు. వచ్చిన మనిషిని చూస్తే పోయిందెవరో తెలిసేది.

నాలుగేళ్ల కింద వాడ పేరు మీద ఫోన్‌లో గ్రూపు పెట్టారు. మా వాడలో ఇళ్లు ముప్పై ఎనిమిది. గ్రూపులో నూట పన్నెండు మంది. ఆడవాళ్లను చేర్చలేదు. ఇంటికి ఇద్దరు మగవాళ్లని వేసుకున్నా డెబ్భై ఆరు దాటదు. మిగిలిన ముప్పై ఆరుగురు ఎవరని గ్రూపు పెట్టిన ఆసామిని అడిగాను. ఆయనకు సొంతంగా ఎనిమిది సాంచాలున్నాయి.

"బట్ట కొనేటోళ్లు, తెలిసినోళ్లు. నువ్వేమన్న ఓటర్ లిస్టు రాస్తున్నవానె?" అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్లు నవ్వారు. నేను మళ్లీ అడగలేదు.

మా ఎదురింటాయన సాంచా కూలి సరిపోక రెండేళ్ల కింద గల్ఫ్ పోయాడు. అక్కడ కట్టడాల పని. భార్య ఇంట్లో బీడీలు చుడుతుంది. నన్ను అన్నా అని పిలుస్తుంది.

ఒకరోజు పొద్దున పదీ ఇరవైకి నేను ఆసామి షెడ్డులో పడుగు లెక్క చూస్తుండగా ఫోన్ వణికింది. తీసి చూస్తే ఎదురింటాయన ఫొటో. చుట్టూ పూలదండ బొమ్మ. గల్ఫ్‌లో పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడని రాసి ఉంది. దాని కింద దండం పెట్టిన చేతులు వరుసగా వస్తున్నాయి. నేనూ పెట్టాను. తరువాత లెక్కపెట్టుకుంటే నాది పద్నాలుగోది. ముందు పెట్టిన పదమూడు మంది కనుక్కునే పెట్టి ఉంటారనుకున్నాను.

మొదట మా షెడ్డు ఆగింది, తరువాత పక్కది. ఏడు నిమిషాల్లో అరవై నాలుగూ ఆగాయి. ఏ వాకిట్లోనూ ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

బయటికి వచ్చేసరికి ఆమె బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంది.

"సాంచాలెందుకు బంద్ వెట్టిండ్రన్నా? కరెంటున్నది గదా. ఎవలు పోయిండ్రు?"

షెడ్ల ముందు నలభై మంది దాకా నిలబడ్డారు. ఆమె ఒక్కొక్కరి మొహం చూస్తూ అడిగింది. తలలు వంచుకున్నారు.

"మూలింటి పెద్దవ్వనా?"

పెద్దవ్వ తన అరుగు మీదనే ఉంది. "నేను కాదు బిడ్డా. గీ యముడు నా ఇల్లు ఎన్నడో మరిచిపోయిండు" అంది.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె మళ్లీ మా మొహాలు చూసింది. అందరం నేల చూస్తున్నాం. చాట కింద పెట్టి లోపలికి పోయి ఫోన్ తెచ్చి మొగుడికి కలిపింది.

"రింగైతుందన్నా, ఎత్తుతలేడు. సచ్చినోని ఫోను రింగైతదా?"

రింగు కావడానికి మనిషి బతికి ఉండనక్కర లేదని నాకు తెలుసు. "డ్యూటీల ఫోన్ తీస్కోనియ్యరు గదా చెల్లె. జర ఆగు, కనుక్కుంటం" అన్నాను.

అప్పుడు మొదలుపెట్టాను కనుక్కోవడం. నీకెవరు చెప్పారని పదమూడు మందినీ అడిగాను. పన్నెండు మంది గ్రూపు చెప్పిందన్నారు. పదమూడోవాడు ఆసామి.

"ఫొటో నేనే పెట్టిన. దానికి ముందు ఒక మెసేజ్ వచ్చింది, జూడు. పేరు, ఇంటిపేరు, పని, దేశం అన్నీ కలిసినయి. ఉత్త పేరు పెడితె ఏం బాగుంటదని ఫొటో ఎక్కిచ్చిన."

"ఊరు కలిసిందా?"

"అండ్ల ఊరు లేదు."

"ఊరు లేకుంట దండెట్ల ఏసినవు?"

"మరి నువ్వెట్ల దండం పెట్టినవు?" అన్నాడు.

ఆ మెసేజ్ పెట్టిన నంబరుకు ఫోన్ చేశాను. ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడ అవతల ఉండే బట్టల వ్యాపారి. మా దగ్గర లంగాల బట్ట కొని వారపు అంగళ్లలో అమ్ముకుంటాడట. ఆ ముప్పై ఆరుగురిలో ఒకడు.

"నాకు గల్ఫోళ్ల గ్రూపుల నుంచి వచ్చింది. నేనున్న గ్రూపులన్నిట్ల ఏసిన. అసలోళ్లకు చేరాలె గదా" అన్నాడు.

"ఎన్ని గ్రూపులల్ల ఏసినవు?"

"ఎవలు లెక్కవెట్టిండ్రే అన్నా."

గల్ఫ్‌లో పనివాళ్ల అన్నం వేళ మనకు మధ్యాహ్నం రెండున్నర. అప్పటిదాకా ఆమె గడప మీద నుంచి లేవలేదు, ఏడవలేదు. మేము ఎండలో నిలబడే ఉన్నాం. రెండూ ముప్పై ఆరుకు ఆమె ఫోన్ మోగింది. అవతల మొగుడి గొంతు. వాడంతా ఊపిరి పీల్చుకుంది, ఆమె తప్ప.

"నువ్వేనా? గొంతులు గూడ తయారు చేస్తుండ్రట ఇప్పుడు. నువ్వు పోయేనాడు నేనేం కట్టిచ్చిన?" అంది.

స్పీకరులో అందరికీ వినిపించింది. "దిమాక్ ఖరాబైందా ఏందే? సకినాలు కట్టిచ్చినవు. ఏర్పోర్టు చేరేవరకే సగం పిండైనయి. నలభై మిస్‌డ్‌కాల్లేంది, ఏమైంది?"

అప్పుడు ఏడ్చింది. మూడు కాకముందే సాంచాలు నడిచాయి. నాలుగున్నర గంటల కూలి పోయిందని గొణిగినవాళ్లు కూడా వాళ్ళే, పొద్దున ముందుగా ఆపినవాళ్లు. గ్రూపులో చూస్తే మెసేజ్ తీసేసిన గుర్తులు ముప్పై ఒకటి ఉన్నాయి. నా దండం నేను తీసెయ్యలేదు. తీస్తే వరుసలో నేను ఎన్నోవాణ్నో తెలియకుండా పోతుంది. దానికి బదులు ఒక మాట రాశాను: "పొద్దున వచ్చిన గల్ఫ్ చావు వార్త అబద్ధం. విచారించాను. ఎవరూ నమ్మవద్దు."

గంటలో అరవై రెండు మంది బొటనవేలు ఎత్తారు. గ్రూపులో చేరినప్పటి నుంచి నా మాటకు అంత మంది ఒప్పుకోవడం అదే మొదలు. నిజం చెప్పాలంటే ఆ రోజు రెండు మూడుసార్లు తీసి చూసుకున్నాను.

మర్నాడు ఆమె మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగమంటే వద్దంది.

"మావోడు కాదు, సరె. మరి పడి సచ్చినాయన ఎవలన్నా?"

గ్రూపులో నూట పన్నెండు మందికి రాని ప్రశ్న అది. నాకూ రాలేదు.

"ఆదిలాబాద్ దిక్కు మనిషి కావచ్చు" అన్నాను.

"ఆయనకు గూడ భార్య ఉంటది గదా. ఆమెకు ఎవలన్న చెప్పిండ్రో లేదో, అడుగు జర."

ఆమె ముందే వ్యాపారికి ఫోన్ కలిపాను. ఆరుసార్లు ఎత్తలేదు. ఏడోసారి ఎత్తాడు.

"ఎవలో తెలిసిందన్నా. మా పక్కూరాయనే. నిన్న ఆ ఇంటికి పోదమని నలుగురం బండ్లు గూడ తీసినం. గంతల నువ్వు రాసింది వచ్చింది. అబద్ధమని, విచారించిన్నని రాసినవు గదా. పెద్దమనిషివి, లెక్క మనిషివని మీ ఆసామి గూడ చెప్పిండు. గందుకే ఆగినం. నువ్వు రాసింది అందరికి పంపినం, ఆయన ఇంటోళ్లకు గూడ."

"నేను రాసింది మా ఎదురింటాయన గురించి" అన్నాను.

"గట్ల రాయలేదు గదా నువ్వు."

తీసి చూసుకున్నాను. మొత్తం తొమ్మిది మాటలు. ఎవరి చావు అబద్ధమో వాటిలో ఎక్కడా లేదు. ఊరు లేదని ఆసామిని నిలదీసినవాణ్ని, మనిషినే వదిలేసి రాశాను.

"ఆయన ఇంటికి ఫోన్ చేసిండా?" అని అడిగాను.

"లేదు. ఇంటోళ్లు చేస్తె రింగైతుందట. ఎత్తుతలేడట. మీ దగ్గర గూడ గట్లనే అయ్యింది గదా అన్నా. ఆయన భార్య గూడ గదే అంటుంది. మీ వాడాయన బతికే ఉన్నడు గదా, ఈయన గూడ ఉన్నట్టే గదా?"

ఎదురింటి చెల్లె నా మొహమే చూస్తోంది. నాకు తెలిసిన లెక్కలన్నీ వేసుకున్నాను. అటు చావూ రుజువు కాలేదు, ఇటు బతుకూ రుజువు కాలేదు. ఒకటి మాత్రం ఖాయం. అక్కడ ఒకామె నిన్నటి నుంచి నేను రాసిన మాట పట్టుకుని కూర్చుంది.

"బండ్లు తియ్యున్రి. ఫోన్ల చెప్పకున్రి. మనిషి వోయి చెప్పున్రి" అన్నాను.

"ఏమని చెప్పాలె?" అన్నాడు.