సరళగారు లేని వారం

ఈ ఉదయం సింగపూర్‌లోని మా టోవా పాయో మార్కెట్లో పాండాన్ ఆకులు ఉడుకుతున్న తియ్యటి వాసనకి కాళ్లు ఆగిపోయాయి. సరళగారి వంటింట్లో ఎప్పుడూ ఆ వాసనే. రాఫెల్స్ ప్లేస్‌లో నా మొదటి ఉద్యోగంలో, సాఫ్ట్‌వేర్ పరీక్షించే మా విభాగానికి ఆవిడే పెద్ద. మేమిచ్చిన కాఫీని కూడా ముందు ఓ చెంచాడు రుచి చూసి గానీ తాగేవారు కాదు.

భర్త ఎప్పుడో పోయారు. ఒక్కడే కొడుకు కిట్టు, అప్పటికి ముప్పై ఏళ్లవాడు, పుట్టుకతోనే మేధో వైకల్యం. వాడు పగటిపూట వెళ్లే శిక్షణ కేంద్రం ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వ సాయమే. తన తర్వాత రిటైర్మెంట్ సొమ్మంతా ఒక్కసారిగా వాడి చేతికొస్తే ఆ సాయం పోతుందేమోనని ఆవిడ బెంగ. దానికి గుంటూరులోని తమ్ముడు మన ఇళ్లలో అందరూ చెప్పే ఉపాయమే ఫోన్లో చెప్పాడు.

"నా పేరున రాసెయ్యక్కా. మేనల్లుణ్ణి నేను చూసుకోనా?"

"చూస్తావురా. నాకంటే రెండేళ్లేగా చిన్నోడివి. నీ తర్వాతో?"

"శుభమా అని పండగపూట ఆ మాటలేంటక్కా!"

చివరికి సొమ్ము నెలనెలా కొద్దికొద్దిగా కిట్టుకి అందేలా, దానివల్ల సాయం ఆగదని అధికారుల్ని అడిగి మరీ, నామినేషన్ పెట్టారు. అయినా కుదుటపడలేదు. ఒక శనివారం పెట్టె పట్టుకుని చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాటుకొచ్చేశారు.

"ఈ వారం నేను పోయాననుకో. వాడి అకౌంట్లో కొంచెం డబ్బు వేశా. పక్కింటి మలయ్ ఆంటీ ఓ కన్నేసి ఉంచుతుంది. నన్ను మాత్రం ఫోన్ చెయ్యనివ్వకు."

"ఇదేం టెస్టింగ్ మేడమ్!"

"నిజంగా పోయాక తప్పులు దిద్దలేను కదే."

వారమంతా ఆవిడ సరిగా తినలేదు. చివరి రోజు ఆంటీ కబురు చెప్పింది: కిట్టు వేళకి కేంద్రానికి వెళ్లాడు, తన కార్డుతోనే హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో తిన్నాడు, ఒక్కసారీ అమ్మ కోసం ఏడవలేదు. సరళగారు నవ్వారు. తర్వాత బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి ఏడ్చారు. అది సంతోషమో బాధో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు నాకూ కూతురుంది, రెండూనని తెలుసు.

ఆవిడ నిరుడు పోయారు. మొదటి నెల సొమ్ము పడగానే కిట్టు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ పే కమ్ ఆల్రెడీ లా! కమ్, మకాన్. ఐ పే."

తిందాం రమ్మని పిలుపు, ఖర్చు తనదేనట. వెళ్లాను. వాడు కొన్న నూడుల్స్ ఒక్క పోగు వదల్లేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, నేను పోయాక ఏం చెయ్యాలో మావారికీ మా అమ్మాయికీ చెప్పడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తని మాట. మావారు మజ్జిగ గ్లాసు నా ముందుకి జరిపారు.

"స్టాప్ లా, అమ్మా" అంది అమ్మాయి.

చివరిదాకా చెప్పాను.