ఇదే దినం, ఇబ్రహీంపట్నంల

మైక్‌సెట్ సాయన్నకు ఒకటే జబ్బు. పాటల చరిత్రలో ఆ రోజు ఏం జరిగిందో చెప్పందే ఆయనకు తెల్లవారదు, బస్టాండు చుట్టుపక్కల ఎవరికీ తెల్లవారనివ్వడు. పొద్దున్నే షటర్ లేపి, హారన్‌ను రోడ్డు వైపు తిప్పి, మైకులో రెండుసార్లు ఊది మొదలుపెడతాడు.

"ఇదే దినం, ఇబ్రహీంపట్నంల మొట్టమొదటి టేప్‌రికార్డర్ దిగింది. తెచ్చినోడు మల్లేశయ్య. పాట పెట్టంగనే రీలు చిక్కువడ్డది. దాన్ని సుట్టనీకి బజారంత పెన్సిల్ దేవులాడింది."

ఏ పాట మద్రాసులో ఎప్పుడు రికార్డయిందో ఆయనకు అక్కర్లేదు. అది ఇబ్రహీంపట్నం చెవిన ఎప్పుడు పడిందో, అదే ఆయన తారీఖు. తండ్రి కాలం నుంచి వాళ్లది మైకుల ఇల్లు. ఏ పెండ్లిలో ఎవరు పాడారో, ఏ పాట మధ్యలో కరెంటు పోయిందో అన్నీ నోటికి వచ్చు. పక్క గదిలో జిరాక్స్ సెంటర్ నడిపే పూజితకు ఇష్టం ఉన్నా లేకపోయినా సగం చరిత్ర కంఠతా వచ్చేసింది.

అవి భూముల ధరలు పొద్దుకొకటి, మాపుకొకటి ఉన్న రోజులు. ఔటర్ రింగ్ రోడ్డు వస్తుందన్న మాట చెవిన పడగానే జొన్న చేలల్లో సున్నం గీతలు పడ్డాయి. తుక్కుగూడ అవతల అలాంటి వెంచర్ ఓపెనింగ్ ఒకదానికి సాయన్న మైకు పెట్టాడు. ఓనరు రమాకాంత్ కత్తెర పట్టుకొని రిబ్బను ముందు నిలబడ్డాడు.

"ఇదే దినం," అన్నాడు సాయన్న, "గీ జాగలనే బ్యాండోళ్ల లారీ బురదల దిగవడ్డది. మోకాళ్ల మట్టు బురద. బయటికెల్ల రాక తెల్లారేదాక ఈడనే వాయించిండ్రు."

ప్లాట్లు కొనవచ్చినవాళ్లంతా కాళ్ల కింద నేల వైపు చూశారు.

"సాయన్నా, జర ఆపు," అన్నాడు రమాకాంత్ పళ్ల బిగువున. "నీ చరిత్రల నా ప్లాట్లు మునుగుతున్నయి."

"నేనేం జేద్దు సేటూ? తారీఖు అట్లున్నది."

తారీఖు తప్పు చెప్పడం కన్నా కిరాయి వదులుకోవడమే నయమని ఆయన లెక్క. ఓసారి వినాయక మండపంలో కమిటీ అధ్యక్షుడు దేవేందర్, ఊళ్లోకి కీబోర్డు వచ్చింది దసరాకు అన్నాడు. సాయన్న దీపావళికి అన్నాడు. మాటా మాటా పెరిగింది. సాయన్న లూనా ఎక్కి సాక్షిని తేవడానికి పక్కనున్న మంచాల ఊరికి వెళ్లిపోయాడు. పోతూ పోతూ మైకు ఆపడం మరిచాడు. ఆ సందులో దేవేందర్, తన అత్తగారు వండే పప్పు గురించి స్నేహితులకు మనసు విప్పి చెప్పుకున్నాడు. బజారంతా విన్నది. అత్తగారూ విన్నది. సాయన్న సాక్షితో తిరిగొచ్చాక తారీఖు తేలింది గానీ, దేవేందర్‌కు అత్తగారింట్లో ఉగాది దాకా పప్పు పుట్టలేదు.

ఈ దేవేందర్ పూజితకు సొంత అన్న. మరుసటి మాఘంలో చెల్లెలి పెండ్లి పెట్టుకొని, పట్నం నుంచి డీజే మాట్లాడాడు. సాయన్నను పంతులుగారి మంత్రాల మైకుకు మాత్రం పిలిచాడు. "మామా, మంత్రాలే. చరిత్ర వద్దు," అని ముందే చేతులు జోడించాడు.

పూజితకు డీజే మీద పట్టింపు లేదు. ఆమె దిగులంతా నాయినమ్మ గురించే. రుక్మాబాయి ఒకప్పుడు పాటందుకుంటే, మగపెండ్లివారు తిన్న అన్నం అరిగేదాకా నవ్వి ఇంటికి పోయేవారు. కిందటేడు ఎవరి పెండ్లిలోనో ఆమె గొంతెత్తగానే డీజే పిల్లలు బాక్సుల మోత పెంచారు. ఆమె సగంలో ఆగి కూర్చుంది. ఆ తర్వాత మళ్లీ పాడలేదు.

"నా పెండ్లిల గూడ పాడవా నాయినమ్మా?"

"నేనెందుకు బిడ్డా? బాక్సులున్నయి గద. గవే పాడుతయి."

ఎన్ని రోజులు బతిమాలినా అదే జవాబు. ఒక మధ్యాహ్నం జిరాక్స్ మిషన్ మీద కాగితం పెట్టడం మరిచి, తెల్ల కాగితాలే తీస్తున్న పూజితను చూసి సాయన్న ఏమైందని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన ఊఁ కొట్టి, వైరు చుట్టుకుంటూ వెళ్లిపోయాడు.

పెండ్లి నాడు తలంబ్రాలయ్యాయి, బంతి కూర్చుంది. బాక్సుల మోతకు విస్తళ్లలో అప్పడాలు కూడా వణికాయి. రుక్మాబాయి ఒక మూల కుర్చీలో చేతులు కట్టుకొని కూర్చుంది. డీజే పిల్లలు పాట ఆపి అన్నానికి లేచారో లేదో, పంతులుగారి మైకులో ఫూ, ఫూ అని వినబడింది.

"అయిపోయింది," అని దేవేందర్ తల పట్టుకున్నాడు.

"ఇదే దినం, ఇబ్రహీంపట్నంల మైకుల మొట్టమొదటి పెండ్లిపాట పాడిండ్రు. పాడింది యాచారం యాదమ్మ."

మూల కుర్చీ కిర్రుమంది.

"ఎవరురా యాదమ్మ?"

"యాదమ్మే అత్తా. నాకు మంచిగ యాదికున్నది."

"నీకేం యాదికుంటదిరా, నువ్వప్పటికి పుట్టనేలేదు. మీ బాపు మైకు పట్టుకుంటే పాడింది నేను. గదీ ఎండకాలంల. మామిడికాయ పప్పు వెట్టిండ్రు ఆ పెండ్లిల. మాఘంల మామిడికాయ ఏడికెల్లి ఒస్తది?"

బంతిలో నవ్వులు లేచాయి. సాయన్న మాత్రం చలించలేదు.

"అందరు గట్లనే అంటరు. పాడిందే నువ్వయితే ఏం పాడినవో చెప్పు మరి."

రుక్మాబాయి కొంగు నడుముకు చెక్కుకొని వచ్చి మైకు లాక్కుంది. గొంతు మొదట గరగరమంది. రెండో చరణానికి దారిలో పడింది.

"కూరల ఉప్పు లేదన్నదమ్మ మా వియ్యపురాలు, గిన్నె ఊడ్చి తిన్నంక అన్నదమ్మ మా వియ్యపురాలు!"

సరిగ్గా అప్పుడే రెండోసారి కూర వేయించుకుంటున్న పూజిత అత్తగారు గరిటె వైపు, జనం వైపు చూసి, విస్తరి అడ్డం పెట్టుకొని పకపకా నవ్వింది. బడంగ్‌పేట్ నుంచి వచ్చిన మగపెండ్లివారి ఆడవాళ్లు ఊరుకుంటారా, జవాబు పాట అందుకున్నారు. చేతులు కడుక్కొని వచ్చిన డీజే పిల్లలకు మళ్లీ సందు దొరకలేదు. పెండ్లికూతురు తల వంచుకోవడం మరిచి చప్పట్లు కొట్టింది.

ఆ రోజు నుంచి బజారుకు సాయన్న అలుసైపోయాడు. "మామా, మాఘంల మామిడికాయ దొరుకుతదా?" అని దేవేందర్ రోజూ అడిగేవాడు. సాయన్న తల గోక్కునేవాడు.

పుట్టింటికి వచ్చినప్పుడు పూజిత ఆయన దుకాణం ముందు ఆగింది. "మామా, పోయిన మే నెల తొమ్మిదో తారీఖు నువ్వే చెప్పినవ్. మొదటి పెండ్లిపాట రుక్మాబాయిదని. మామిడికాయ పప్పు సంగతి గూడ చెప్పినవ్. నేనిన్న."

సాయన్న మైకు తీసి, లేని దుమ్ము తుడిచాడు.

"గట్ల చెప్పిన్నా? అయితే అప్పుడు తప్పు చెప్పినట్టున్న బిడ్డా."

ఇప్పుడు సాయన్న దుకాణంలో డీజే బాక్సులు కూడా కిరాయికి దొరుకుతాయి. పొద్దున్నే చరిత్ర మాత్రం పాత హారన్‌లోనే. ఏటా పూజిత పెండ్లిరోజు నాడు యాచారం యాదమ్మ పేరు చెప్తాడు. రుక్మాబాయి కర్ర పట్టుకొని, దిద్దడానికి బస్టాండు దాకా నడిచి వస్తుంది.