కొమురెల్లి ముంచిన పదమూడు ఓడలు

నాచారం కొమురెల్లి పదమూడు శత్రు నౌకలను ఒంటిచేత్తో ముంచి, చొక్కా తడవకుండా ఉప్పల్ రింగురోడ్డుకు వచ్చి చాయ్ తాగిన మొనగాడు. నమ్మనివాళ్లు అతని నవలలు చదువుకోవచ్చు, పన్నెండున్నాయి.

అసలు ఉద్యోగం మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ కాయడం. ఒక కన్ను ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు మీద, ఒక కన్ను నవల రాసే కాగితం మీద. మొదటి నవలకు రచయిత పరిచయం అడిగితే "ఇరవై ఏళ్లుగా బాయిలర్ పని" అని రాసి పంపాడు. ఎడిటర్ దాని ముందు "నౌకాదళంలో" అని చేర్చాడు. కొమురెల్లి కాదనలేదు. ఆ నవల టీవీ సీరియల్ అయినప్పుడూ ఎవరూ అడగలేదు.

2008లో రెండో సీరియల్‌కు మాత్రం సలహాదారును పెట్టారు. హబ్సిగూడలో ఉండే రామచంద్రరావు, నేవీలో రిటైరైన మనిషి. రచయితను సెట్టుకు రమ్మన్నాడు. ఆ కబురు విన్నప్పటినుంచి కొమురెల్లికి ముద్ద దిగలేదు.

"గా సారు నిన్ను మింగుతడా ఏంది?" అంది భార్య ఉప్పలమ్మ.

"మింగడు. అడుగుతడు."

"ఏమని?"

"ఏ ఓడ అని."

అబద్ధం బయటపడితే సీరియల్ ఆగుతుంది, పన్నెండు నవలలూ పల్లీల పొట్లాలవుతాయి.

నాచారంలోనే ఓ షెడ్డులో ఓడ ఇంజన్ గది సెట్టు వేశారు. ఆవిరి కోసం అద్దె బాయిలర్ తెచ్చారు. రామచంద్రరావు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"పన్నెండు నవలల్లో మీ హీరో ఒక్కసారీ ఇంజన్ గది వదిలి పైన డెక్ మీదికి రాడేంటండీ? సముద్రానికేమైనా బాకీ ఉన్నాడా?"

కొమురెల్లి సెట్టు గోడకున్న గొట్టాలు లెక్కపెట్టసాగాడు. రామచంద్రరావు వదల్లేదు.

"ఇంతకీ మీరు ఏ ఓడలో..."

వెనక బాయిలర్ సన్నగా ఈల వేసింది. మోత భలే సహజంగా ఉందని యూనిట్ వాళ్లు మురిసిపోయారు. కొమురెల్లి మాత్రం గిర్రున వెనక్కి తిరిగాడు. ముల్లు ఎర్రగీత దాటింది, దానంతటది తెరుచుకోవాల్సిన సేఫ్టీ వాల్వు బిగుసుకుపోయింది. "అందరు బయటికి పోన్రి" అంటూ మంట ఆర్పి, తువ్వాలు చుట్టిన చేత్తో ఆవిరి వాల్వు తిప్పాడు. షెడ్డంతా తెల్లటి పొగమంచు. ముల్లు మెల్లగా దిగింది.

రామచంద్రరావు దగ్గరికొచ్చి, కమిలిన ఆ అరచేతిని తిప్పి చూశాడు. "ఇంజన్ గదిలో పండిన చెయ్యండీ ఇది. ఓడ పేరొక్కటి చెప్పండి, టైటిల్స్‌లో వేయిస్తాను."

తను కల్పించిన ఓడల పేర్లన్నీ కొమురెల్లి నోటిదాకా వచ్చాయి. చేతిలోని తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఓడ లేదు సార్. నాచారంల మందుల ఫ్యాక్టరీ, మొదటి షిఫ్టు. సముద్రం నేనింకా సూడలే. నవలల్ల మునిగిన ఓడలు గూడ పదమూడు కాదు, పదకొండే. రెండు ఒడ్డుకొచ్చినయి."