కొసరు అడిగి తెచ్చుకున్న దారి

తమిళనాడులోని రాజపాళయంలో మాది బ్యాండేజీ గుడ్డల అంగడి. ఏది కొన్నా కొసరు అడగనిదే నాకు తృప్తి ఉండదు. యాభై దాటాక, పోయిన ఏడు మా వదినతో కలిసి తూత్తుకుడి వైపు సముద్రపు ఒడ్డున, బండ్లు తిరగని కంకర దారిలో సైకిల్ యాత్రకు వెళ్లాను. మా వెంట దారి చూపడానికి వచ్చిన మా ఊరి గైడును కూడా కొసరు అడక్కుండా వదల్లేదు.

"తమ్ముడూ, కొసరుగా ఇంకేమన్నా చూపించప్పా" అన్నాను.

పాపం, అతను దగ్గర్లోని ఏటి కట్ట మీది దారికి తీసుకువెళ్లాడు. సైకిళ్లకు, నడిచేవాళ్లకు మాత్రమేనని బోర్డు కూడా ఉంది.

మలుపు తిరగ్గానే ఇసుక లారీ హారన్ కొడుతూ మా మీదికే వచ్చింది. వదిన అదిరిపోయి, సైకిల్‌తో సహా ముళ్లకంపలో పడింది. మోచేయి చీరుకుపోయింది.

డ్రైవరు తల బయటపెట్టి తమిళంలో అరిచాడు: "ఓరం పోమ్మా, పక్కకి! సైకిల్ నేర్చుకోను ఇదా చోటు?"

నా ఒళ్లు మండిపోయింది. సైకిల్ అడ్డంగా పెట్టాను.

"వెనక్కి పో!"

"వెనక్కంటే రొంబ దూరం, చానా దూరం పోవాల. నువ్వే కొంచెం జరుగు."

"జానెడు కూడా జరగను. బేరం లేదు."

"వాడితో ఏమి వాదం మంగా? ఎక్కించేస్తాడు!" అని వదిన కంపలోంచి ఏడ్చింది. నేను సైకిల్ హ్యాండిల్ వదల్లేదు. గైడు ఫోన్‌లో వీడియో తీయడం చూశాకే లారీ వెనక్కి కదిలింది.

ఎన్నో బేరాలు గెలిచాను. కానీ మాకోసమే వేసిన దారిలో, ప్రాణాలకు తెగించి నిలబడితే తప్ప మాకు చోటు దక్కలేదే! ఆ గెలుపు తలచుకుంటే ఇప్పటికీ సంతోషం రాదు, కోపమే వస్తుంది.