ఏడిళ్ల బొంత

కార్తీకం వెళ్లిపోయి చలి ముదిరే రోజుల్లో మా నారాయణఖేడ్‌లో ప్రతి ఇంటి అరుగు మీదా బొంతలు పరుచుకుంటాయి. పాత చీరలు, చినిగిన దోవతులు ఉతికి ఆరేసి, ఒకదాని మీద ఒకటి పొరలుగా వేసి, ఆడవాళ్లు వాటి మీదే కూర్చొని కుడతారు. బొంత జరగకుండా ఉండేది కుట్టే మనిషి బరువుతోనే.

ఆ ఏడు మా ఇంట్లో కుట్టవలసినవి మూడు. ఒకటి అమ్మకు. ఒకటి నాకు, పట్నానికి తీసుకుపోవడానికి. నేను అక్కడ యంత్రాల పని చదువు పూర్తిచేసుకొని, కార్ఖానాలో చేరేముందు కొన్ని నెలలు ఇంట్లో ఉన్నాను. మూడోది రెండు మూరల చదరం, చిన్నది. అది అక్క కడుపులో ఉన్న బిడ్డకు. పెద్దవి రెండూ చుట్టచుట్టి మూలన పెట్టేసి అమ్మ దాన్నే ముందు పట్టుకున్నది.

అక్క కంగ్టి దిక్కున ఉన్న అత్తగారింటి నుంచి దసరా దాటాక పురిటికి వచ్చింది. ఇది మూడో కాన్పు. మొదటివాడు పురుడు వెళ్లేదాకా కూడా లేడు. రెండోది ఆడపిల్ల. అది బోర్లా పడడం నేర్చుకున్నది, ఆ వారంలోనే పోయింది. బండి కట్టుకొని దవాఖానకు తీసుకుపోతే సీసాలో ఎర్రమందు పోసిచ్చారట. ఎందుకు పోయారో ఎవరూ చెప్పలేదు. ఆగిపోయిన యంత్రాన్ని చూడడం నాకు తెలుసు. నూనె, పట్టా, పళ్లచక్రం, ఇరుసు, ఇలా వరసగా చూసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట కారణం దొరుకుతుంది. అక్క అరుగు మీద కూర్చొని పత్తికాయలు ఒలుస్తుంటే ఆమెనే చూసేవాణ్ణి. ఈ వరస ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

అమ్మకు మాత్రం ఒక దారి తెలుసు. పిల్లలు నిలవని తల్లికి బిడ్డ పుట్టబోతుంటే ఆ బిడ్డకు సొంత ఇంటి గుడ్డ తగలనివ్వరు. కన్న పిల్లలంతా బతికి ఉన్న తల్లుల దగ్గర, ఏడిళ్లు తిరిగి, వాళ్లు కట్టి విడిచిన బట్టలోంచి ఒక్కో ముక్క అడిగి తెస్తారు. ఆ ఏడు ముక్కలు అతికిన బొంతలో బిడ్డను పడుకోబెడతారు. అడిగేటప్పుడు నోటితో అడగరు. కొంగు చాచి వాకిట్లో నిలబడతారు. చాచిన కొంగును ఖాళీగా పంపడం ఎవరికీ మంచిది కాదు.

అవి యుద్ధం రోజులు. కొత్తబట్ట రేషన్ చీటీ మీద కూడా సరిగా దొరక్క, చినిగిన చీరను మధ్యకు కోసి అంచులు కలిపి మళ్లీ కట్టుకునేవాళ్లు. జానెడు ముక్క ఇవ్వడమంటే రేపటి మాసికకు గుడ్డ లేకుండా చేసుకోవడమే. అయినా ఎవరూ లేదనలేదు. అమ్మ తెచ్చినవి నేనే అరుగు మీద పరిచి చూశాను. గానుగింటామె ఇచ్చిన ఇటుకరంగు నేతచీర ముక్కకు ఇంకా నూనె వాసన ఉంది. పటేలింటి నుంచి వచ్చింది పట్టు కలిసిన అంచు, అదొక్కటే మెరుస్తున్నది. కుమ్మరామె ఇచ్చింది నీలం. గొల్లవాళ్ల ఇంటి నుంచి, చాకలివాళ్ల ఇంటి నుంచి వచ్చినవి రంగు పోయి రెండూ ఒకేలా ఉన్నాయి. కల్హేర్ నుంచి కోడలిగా వచ్చిన ఒకామె పసుపుపచ్చ రైక వీపు ఇచ్చింది. ఏడోది దర్జీ భార్యది, ఆకుపచ్చ ఛీటుగుడ్డ మీద తెల్లచుక్కలు.

దర్జీవాళ్లది మా ఎదురిల్లు. బీదర్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో వాళ్ల మాట వేరు, మాతో మాట్లాడితే అచ్చం మా మాటే. ఆమెను మేమంతా భాబీ అనేవాళ్లం. నలుగురు పిల్లలు, నలుగురూ మేకపిల్లల్లాగా గోడలు దూకేవాళ్లు. ఏడిళ్లు లెక్కపెట్టుకునేటప్పుడు అమ్మ నోట మొదట వచ్చిన ఇల్లు అదే.

నా చేతులు ఊరుకోలేదు. కొలకట్టె, సున్నపు ముక్క తెచ్చి ముక్కలన్నీ సమంగా వచ్చేట్టు గీతలు గీయబోయాను. అమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటూ, తలెత్తకుండానే అన్నది.

"గా కట్టె తీసెయ్ కొడుకా. గీ బొంత మీద మిద్దె గడతమా ఏంది?"

అక్క నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వగా నేను విన్నది అదొక్కసారే అనుకుంటాను. ఆ నవ్వు చూసుకొని ఇంకో సలహా ఇచ్చాను. అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ పోతే గుడ్డ ముడతలన్నీ మధ్యకు చేరతాయి, మధ్య నుంచి బయటికి కుడితే చదునుగా వస్తుంది అన్నాను. అమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"నడుమ ముందుగాల కుడితే దాని కడుపుకు బువ్వేడ వెట్టాలె?"

పిల్లల బొంతను అంచుల నుంచి చుట్టూ తిప్పుకుంటూ వచ్చి, చివరికి మధ్యలో వేలు దూరేంత సందు మిగులుస్తారు. అందులో నాలుగు బియ్యపు గింజలు వేసి మూసేస్తారు. అప్పుడు బొంత కడుపు నిండినట్టు. అది పడుకున్న బిడ్డను ఆకలితో ఉండనివ్వదు. అలా నింపి మూసిన బొంతను మళ్లీ విప్పకూడదు. విప్పితే ఒడి నింపి గుంజుకున్నట్టు.

మధ్యాహ్నాలు ఎండపొడ జరిగినకొద్దీ అమ్మ కూడా బొంతతో జరుగుతూ కుట్టేది. నేను సూదులకు దారం ఎక్కించి వరసగా గోడకు గుచ్చిపెట్టేవాణ్ణి. నాకు దొరికిన పని అదే. భాబీ నీళ్లకు పోతూ వస్తూ మా అరుగు ముందు ఆగేది. ఆమె ఇచ్చిన ఆకుపచ్చ ముక్క మధ్యకు దగ్గరగా పడింది. దాన్ని చూసి ఏదో అనబోయి, కుట్టు బాగుందనో, చలి పెరిగిందనో అని వెళ్లిపోయేది. గుడ్డ ఇచ్చిన మనిషి కదా, ముచ్చటపడుతున్నదనుకున్నాము.

బియ్యం వేసి మూసిన నాడే ఆమె వచ్చి అరుగు కింద నిలబడింది. చేతిలో బిందె లేదు. అమ్మ బొంతను దులిపి అక్క ఒడిలో వేస్తున్నది.

"పెద్దమ్మా, నా ముక్క తీసెయ్యి" అన్నది.

అమ్మకు అర్థం కాలేదు. కూర్చోమన్నది. భాబీ కూర్చోలేదు.

"గీ నలుగురి కంటె ముందు నాకు ఒకతి ఉండె. బీదర్ల. నడుస్తుండె గూడ. నువ్వు కొంగు చాపినంక లేదనెట్లంటి? చెప్పాలె చెప్పాలె అని రోజు ఒస్తున్న, నోరు వస్తలేదు."

అమ్మ తప్పు ఏమీ లేదు. బీదర్‌లో పుట్టి బీదర్‌లో పోయిన పిల్ల గురించి నారాయణఖేడ్‌లో ఎవరికి తెలుసు? నీ పిల్లలంతా బతికున్నారా అని ఒక తల్లిని ఎవరు అడుగుతారు? భాబీ తప్పు కూడా కనపడలేదు. ఇద్దరూ పద్ధతి ప్రకారమే నడుచుకున్నారు. అక్క ఒడిలోని బొంత మధ్యలో, అప్పుడే మూసిన కుట్టు మీద అమ్మ వేలు పెట్టింది.

"మొన్న చెప్పినా అయిపోతుండె బిడ్డా. ఇయ్యాల దాని నోరు మూస్తిని."

నేను లెక్క వేయడం మొదలుపెట్టాను. విప్పితే నింపిన ఒడి విప్పినట్టు. ఉంచితే ఆ ముక్క బిడ్డ కింద ఉంటుంది. ఇంకో బొంత కుట్టాలంటే మళ్లీ ఏడిళ్లు తిరగాలి, అడిగిన ఇంటికి మళ్లీ పోకూడదు, పిల్లలంతా బతికున్న తల్లుల కొత్త ఇళ్లు ఏవో ఇప్పుడు ఎవరిని నమ్మి చెప్పాలి? అక్కకు నెలలు నిండాయి. మిగిలింది ఒకటే దారి అనిపించింది. ఆకుపచ్చ ముక్క మీద ఇంకో ఇంటి ముక్క వేసి కుట్టేద్దామన్నాను, విప్పినట్టూ ఉండదు, తగిలినట్టూ ఉండదు. చెబుతున్నంతసేపూ అది నాకు చాలా సరైన ఉపాయంగానే తోచింది.

"కప్పితే పోతదా? పుచ్చిన జొన్నల మీద గుడ్డ కప్పితే పురుగు సస్తదా?" అన్నది అమ్మ.

అన్న తరువాత ఆ మాట ఎవరి మీద పడిందో ఆమెకే తెలిసింది. భాబీ మొహం చూడలేక సూది కోసం చాప తడుముకున్నది. సూది గోడకే ఉన్నది.

అప్పటిదాకా ఊరుకున్న అక్క ఒడిలో ఉన్న బొంతను పక్కకు పెట్టింది. కోపంగా కాదు, పప్పు చెరిగేటప్పుడు చేట పక్కన పెట్టినట్టే పెట్టి, అమ్మ వైపు తిరిగింది.

"గట్లయితె ముందుగాల నన్ను తీసెయ్యి అవ్వా. ఆమెది ఒకతి పోయింది. నాయి ఇద్దరు పోయిన్రు. మరి నా పాలు తాపొద్దా? నేను ఎత్తుకోవద్దా?"

భాబీ తలమీది కొంగుతో నోరు మూసుకొని తన ఇంట్లోకి వెళ్లిపోయింది. నేను గోడకు గుచ్చిన సూదులను ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టాను. ఆ క్షణంలో చేయడానికి నాకు వేరే ఏమీ కనపడలేదు.

అమ్మ బొంతను మడిచి జొన్నల గుమ్మి మీద పెట్టింది. విప్పనూ లేదు, కిందికి దించనూ లేదు. పొద్దున్నే దీపం గూడు తుడిచేటప్పుడు దానికేసి చూసేది. పని తోచక నేను తలుపు మడతబందులకు నూనె వేశాను, చేదబావి గిలక బాగుచేశాను, కిర్రుమనేది ఏదీ ఇంట్లో మిగల్లేదు. భాబీ మా అరుగు ముందు నుంచి పోవడం మానుకున్నది. నీళ్లకు చుట్టు తిరిగి, మసీదు వెనక సందులోంచి పోయేది. ఆ దారి దూరం.

మంచు బాగా కురిసిన ఒక పొద్దున అక్కకు నొప్పులు వచ్చాయి. మంత్రసాని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నది. నీళ్లు కాచమన్నారు, కాచాను. మంట ఎక్కువైందన్నారు, తగ్గించాను. తరువాత ఏమీ అనలేదు. తలుపు ఇవతల కూర్చొని, నేను నూనె వేసిన ఆ మడతబందులనే చూస్తున్నాను. అవి ఇప్పుడు చప్పుడు చేయవు కాబట్టి ఎవరైనా తలుపు తీసినా నాకు తెలియదని భయం వేసింది.

ఏడుపు వినిపించింది. ఆడపిల్ల అన్నారు. లోపలి నుంచి అక్క గొంతు, అలిసిపోయి, బొంత అడిగింది. అమ్మ బయటికి వచ్చి నా గొంగడి తీసుకున్నది, గడపదాకా పోయింది, ఆగింది. లోపల అక్క మళ్లీ అడిగింది. అమ్మ గొంగడి నా మీద పడేసి, గుమ్మి మీంచి బొంత దించింది. వెలుతురులో తిప్పి చూసి, ఆకుపచ్చ ముక్క బిడ్డకు తగలకుండా పైకి, చలి వైపుకు వచ్చేట్టు మడిచి, లోపలికి పట్టుకుపోయింది. ఆమెకు చేతనైనది అది.

పిల్లకు పేరు పెట్టలేదు. పేరు పెడితే పిలవాలి, పిలిస్తే విని తీసుకుపోయేవాళ్లు ఉంటారని అమ్మ భయం. ఇరుగుపొరుగు వచ్చి చూసిపోయారు. భాబీ రాలేదు. ఆమె పిల్లలు వస్తే కూడా వెనక్కి పిలుచుకునేది.

ఇరవై ఒకటో రోజున బాలెంతను మొదటిసారి గడప దాటించి బావికి తీసుకుపోయారు. పసుపు కుంకుమ పెట్టి ఒక చేద తోడి తేవాలి. అంతసేపూ పిల్లను నా చేతిలో పెట్టారు. బొంతతో సహా ఆ బరువు ఒక సమ్మెట అంత కూడా లేదు. ఊపిరి తీస్తున్నదా అని వంగి చూడడం, తీస్తున్నదని తెలిసి లేవడం, మళ్లీ వంగడం, ఇదే నా పని అయింది.

అక్క తిరిగి వచ్చి బిందె దించి నా చేతుల్లోంచి పిల్లను తీసుకున్నది. ఇంట్లోకి పోతుందనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి బాట దాటింది. దర్జీ ఇంటి గడపలో భాబీ బియ్యం ఏరుతున్నది. అమ్మ మా మెట్టు మీద ఆగిపోయింది. పిలవబోయింది, పిలవలేదు.

"భాబీ, జర పట్టు. చేతులు కడుక్కుంట" అన్నది అక్క.

భాబీ వెనక్కి జరిగింది. అక్క అప్పటికే పిల్లను ఆమె ఒడిలో పెట్టేసింది. చేతులు కడుక్కోవడానికి మాత్రం ఎక్కడికీ పోలేదు, అక్కడే గడప మీద కూర్చున్నది. చాలాసేపటికి భాబీ చేయి బొంత మీదికి వచ్చింది. పైకి ఉన్న ఆకుపచ్చ ముక్కను వెతికి, దాన్ని తిప్పి కిందికి, తన ఒడి వైపు పెట్టుకున్నది. పిల్ల దాని మీద నిద్రపోతూనే ఉంది.

నా చేతులు ఇంకా పిల్లను పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. అమ్మ వాటిని చూసి, లోపలికి పోయి నా పెద్ద బొంత తీసి పరిచింది, సూదికి దారం ఎక్కించమన్నది. ఆ పని చేశాను. అక్క రెండోదానిలా ఈ పిల్ల అప్పటికింకా బోర్లా పడలేదు. ఆ రోజు కోసం ఎదురుచూస్తున్నామో, అది రాకుండా ఉండాలనుకుంటున్నామో మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.