పింఛను రాయితీ కామేశ్వరరావుగారు

ఎదురైన ప్రతి మనిషినీ, పేరు అడగడానికి ముందే, "పింఛను ఖాతాలో సొమ్ము వేస్తున్నారా? దానిమీద పన్ను రాయితీ అడిగారా?" అని అడగడం కామేశ్వరరావుగారి అలవాటు. నన్ను అడిగినది 2021 జులై 4వ తేదీ, ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు. సన్నని తుంపర పడుతున్నది. పుప్పాలగూడలోని మా అపార్ట్‌మెంటుకు ఆనాడే మకాం మార్చి, లారీలోంచి దిగిన బీరువా పక్కన తడుస్తూ నిలబడి ఉన్నాను. గొడుగుతో వచ్చిన ఒక పొట్టి పెద్దమనిషి ఆ గొడుగును నాకు కాక బీరువాకు పట్టి ఈ ప్రశ్న వేశారు.

"నేను రిటైరయి చాలాకాలమైందండి. పింఛను తీసుకుంటున్నాను," అన్నాను.

"అయ్యయ్యో!" అన్నారాయన, చెడ్డకబురు విన్నట్లు. "పోనీ, మీ లారీ డ్రైవరు?"

ఆయనది కాకినాడ. విద్యుత్ శాఖలో లెక్కల విభాగంలో పనిచేసి, పదవీ విరమణ తరువాత భార్య నాగేశ్వరిగారితో ఇక్కడ స్థిరపడ్డారు. పాత పన్ను విధానంలో ఉన్నవారు ఎన్‌పీఎస్ అనే జాతీయ పింఛను పథకంలో తమ వృద్ధాప్యానికై వేసుకునే సొమ్ములో యాభై వేల వరకు ఏటా అదనంగా ఆదాయం నుండి మినహాయించుకోవచ్చునన్న సంగతి లోకంలో ఎవరికైనా తెలియకుండా పోతుందేమోనని ఆయనకు నిరంతరం దిగులు.

మణికొండలో ఒక పెళ్లికి వెళ్లాము. ఆయన అక్షతలు వేసి, "నిండు నూరేళ్లు చల్లగా ఉండండి," అని దీవించి, వెంటనే వరుడి వైపు వంగి, "అరవై దాకా జీతం వస్తుంది. మిగిలిన నలభై ఏళ్ల మాటేమిటి నాయనా?" అన్నారు. వరుడు తలంబ్రాలు వదిలి ఫోను తీశాడు. వధువు తండ్రి నన్ను పక్కకు పిలిచి, "ఆయన మగపెళ్లివారి తాలూకానా అండి?" అని విచారించాడు. ఆయన ఆడపెళ్లివారి తాలూకానా అని మగపెళ్లివారు అంతకు ముందే నన్ను అడిగి ఉన్నారు.

మరొకనాడు కరెంటు పోయి, ఆరో అంతస్తులో ఒంటరిగా ఉండే నితీష్ అనే సాఫ్ట్‌వేరు కుర్రవాడు ఆయనతో పాటు లిఫ్టులో చిక్కుకున్నాడు. బయట నిలబడిన మాకు వాడి గొంతు స్పష్టంగా వినవచ్చింది.

"ఏడ పెన్షన్ అంకుల్! దినాం బయట తిని కడుపు ఖరాబైంది. పైసలన్నీ దవాఖానకే అయితున్నయ్... అన్నా, ఎవరన్న ఉన్నరా? జర జల్ది తీయుండ్రి!"

ఆ సాయంత్రం నాగేశ్వరిగారు మా ఆవిడతో, "ఈయన హాయిగా అడిగి వస్తారు. ఆనక వండలేక చచ్చేది నేను," అని వాపోయారట. భార్యలందరూ అనే మాటే కదా అని నేను పట్టించుకోలేదు.

కింది వాటాలో జ్యోత్స్న అనే అమ్మాయి, తల్లి సత్తెమ్మ అద్దెకు ఉండేవారు. జ్యోత్స్నది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం. సత్తెమ్మకు మోకాలి ఆపరేషను నిశ్చయమైంది. తరువాత రెండు నెలలు తల్లి దగ్గర ఉండాలని జ్యోత్స్న కోరిక. కాని సెలవులు అయిపోయినవి. జీతం లేని సెలవు పెడితే ఇంటి కిరాయికి దారి లేదు.

ఆపరేషను జరిగినది 2024 జులై 31న. ఆ ఉదయం కామేశ్వరరావుగారు నన్ను కారు తీయమన్నారు. ఆసుపత్రికి వెళుతూ నేను బత్తాయిలు కొన్నాను. నాగేశ్వరిగారు ఫ్లాస్కుతో కాఫీ తెచ్చారు. ఆయన లాప్‌టాపు, ఛార్జరు తెచ్చారు.

ఆపరేషను గది ముందు జ్యోత్స్న ఒంటరిగా కూర్చుని ఉన్నది.

"అమ్మాయ్, రాయితీ అడిగావా?"

నేను దాక్కునేందుకు స్తంభం వెతుక్కున్నాను.

"అంకుల్, అమ్మ లోపలున్నది. గిప్పుడు గూడ గదే అడుగుతరా?" అన్నది ఆమె. "మీ మాట విని పైసలేసిన. జనవరిల ఆఫీసోళ్లు రుజువులు పెట్టుమన్నప్పుడు అమ్మకు బాగలేక మరిచిపోయిన. పెన్షన్‌ది, కిరాయిది, ఏదీ పెట్టలే. పన్ను కట్ చేసిన్రు. ఇగ పోయినట్టే."

"ఎక్కడికీ పోలేదు తల్లీ. ఆఫీసులో చూపకపోయినా పన్ను రిటర్నులో నువ్వే అడిగి తిరిగి తెచ్చుకోవచ్చు. కాని పాత విధానం కావాలంటే ఇవాళే ఆఖరి రోజు. రేపటికి కొత్త విధానమే గతి. అందులో నీ రాయితీ లేదు."

"ఏమాత్రం వస్తది?"

"అద్దె మినహాయింపుతో కలిపి నీకు రెండు నెలల కిరాయి."

జ్యోత్స్న లాప్‌టాపు ఒళ్లోకి లాక్కున్నది.

ఆఖరి రోజు కనుక దేశమంతా ఆ వెబ్‌సైటులోనే ఉన్నది. తెరమీద చక్రం తిరుగుతూనే ఉన్నది. నర్సు బయటికి వచ్చి, "సత్తెమ్మ తాలూకు ఎవరు?" అన్నది. కామేశ్వరరావుగారు లేచి, "సిస్టర్, మీరు పింఛను ఖాతా..." అంటుండగా నాగేశ్వరిగారు చొక్కా పట్టి కూర్చోబెట్టారు.

ఆపరేషను బాగా జరిగింది. స్పృహ వచ్చిన సత్తెమ్మ కళ్లు తెరిచి, ముందు కామేశ్వరరావుగారిని చూసింది.

"గీ సారు ఈడికి గూడ వచ్చిండా? గదేందో అడిగెయ్యి బిడ్డా, లేకుంటే ఇంటికి పోడు."

"అడిగిన అమ్మా. రిటర్ను ఇప్పుడే పోయింది," అన్నది జ్యోత్స్న, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

తిరుగు ప్రయాణంలో నేను మందలించాను. "ఏమండీ, దుఃఖంలో ఉన్న పిల్లను పలకరించే పద్ధతి అదేనా?"

"కష్టమేమిటమ్మా అని అడిగి చూడండి. 'ఏమీ లేదండి, బాగున్నాం' అంటారు. పింఛనులో ఎందుకు వెయ్యలేదని అడగండి. విసుక్కుంటూ ఇంట్లో సంగతులన్నీ చెప్పేస్తారు. సెలవు సంగతి ఈ పిల్ల నాకు అట్లాగే చెప్పింది."

వెనుక సీటులోంచి నాగేశ్వరిగారు అందుకున్నారు. "రేపటి నుంచి ఆసుపత్రికొక క్యారియరు. నితీష్‌కు ఎలాగూ పంపుతున్నాను. ఇంకెవరినీ అడక్కండి, నాకు గిన్నెలు లేవు."

ఆగస్టు నెలాఖరుకు పన్ను సొమ్ము తిరిగి వచ్చింది. జ్యోత్స్న రెండు నెలలు ఇంటనే ఉండి, మళ్లీ ఉద్యోగానికి వెళుతున్నది. నితీష్ కడుపు కుదుటపడింది. పింఛను ఖాతా తెరిచాడు, లిఫ్టు భయం మాత్రం పోలేదు. సత్తెమ్మ ఇప్పుడు కర్ర లేకుండా నడిచి వచ్చి సాయంత్రాలు గేటు దగ్గర కూర్చుంటున్నది.

నిన్న నాలుగో అంతస్తులోకి కొత్తగా దిగిన రంగనాథ్‌ను ఆమె ఆపి, "పెన్షన్ల పైసలేస్తున్నవా బిడ్డా?" అన్నది.

"ఏడ పెద్దమ్మా..." అని అతడు నిట్టూర్చి మొదలుపెట్టాడు.

పై బాల్కనీలో బట్టలు తీస్తున్న నాగేశ్వరిగారు ఆ మాట విని, లోపలికి వెళ్లి మరో గుప్పెడు మినప్పప్పు నానబోశారు.